వాలని పిట్ట చిరునామా

బి.ఎస్సీ. చివరి ఏడాది నా జంతుశాస్త్రం రికార్డులో ఒక పుట మాత్రం ఖాళీగా ఉండిపోయింది. దానిపై లెక్చరరు సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు అనుమతి ఉండదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనొక్కదాన్నే కనుక, ఆ సంతకం ఇంటిల్లిపాదికీ బెంగ అయింది.

ఆ పుటలో నేను గుర్తించి రాయవలసిన పిట్ట సన్నగా, బూడిద కలిసిన గోధుమ రంగులో, చీలిన తోకతో ఉండేది. మా రైల్వే స్టేషను కప్పు కింద గూళ్ళు కట్టే స్విఫ్టు పిట్టలకు నడుముపై తెల్లని పట్టీ ఉంటుంది, దీనికి లేదు. ఇది ఎక్కడా వాలగా చూడలేదు. బెంగాలీవారైన మా లెక్చరరు ఇంగ్లీషు పేరు చెప్పడానికి నిరాకరించారు.

"ఇక్కడి బెంగాలీవాళ్ళు దాన్ని తాల్‌చోంచ్ అంటారు. ఉండే చోటు పేరులోనే ఉంది. చూసి రాయి."

బడిలో నేర్చిన హిందీలో తాల్ అంటే చెరువు. నాలుగు సాయంత్రాలు హిజ్లీ వైపు చెరువుగట్టున కూర్చున్నాను. పిట్టలు వచ్చేవి; ఎగురుతూనే ముక్కుతో నీటిని గీరి, ఒక గుక్క తాగి వెళ్ళిపోయేవి. గూడు మాత్రం కనిపించలేదు. మర్నాడు రికార్డు ఇవ్వాలనగా, రైల్వే వర్క్‌షాపులో పని ముగించుకుని సైకిలు మీద వచ్చిన నాన్న గట్టు దగ్గర ఆగారు.

"ఏటమ్మీ, సేపలకి కాపలా కాస్తన్నావా?"

"ఆ పిట్ట తాల్‌లో ఉంటాదట నాన్నా. తాలంటే సెరువే కదా!"

"ఓలమ్మ! ఖరిదా బజార్లో తాటిపళ్ళ దాదా 'తాల్ నేబే, దీదీ' అని పళ్ళు కొనమని అరిసేది నువ్వు ఇననేదేటి? ఈళ్ళకి తాలంటే తాడిసెట్టే!"

గట్టు వెనకనే మూడు తాడిచెట్లు ఉన్నాయి. నాలుగు రోజులూ వాటికి వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు తలెత్తి చూస్తే, వేలాడుతున్న ఎండుటాకుల కిందికి పిట్టలు ఒక్కొక్కటిగా దూరిపోతున్నాయి. రాలిపడిన ఆకు ఒకదాన్ని నాన్న తిప్పి చూపారు. ఈకలను ఉమ్మితో అతికించి కట్టిన పాతగూడు, నా అరచేతిలో సగమైనా లేదు.

"మా వర్కుసాపులో ఇంత బాగా అతికినోడు ఒక్కడూ నేడు," అన్నారు.

మర్నాడు లెక్చరరు పుట చదివి, పిట్టలు చెరువులో నీళ్ళు తాగే సంగతి ఎందుకు రాశావని అడిగారు. పొరపాటు దాచకుండా చెప్పాను. కొట్టివేయడానికి ఎత్తిన కలాన్ని ఆయన దించారు. "నువ్వు చూసిందే కదా, ఉండనీ," అని సంతకం చేసి, పక్కనే పక్షి పేరు ఇంగ్లీషులో రాశారు.

ఇంటికి రాగానే నాన్నకు చదివి వినిపించాను: పామ్ స్విఫ్ట్. ఆయన ముఖం చిట్లించారు.

"పామేటమ్మీ? ఆ సెట్టు మీద పాము నేదు కదా!"

ఈసారి సరిదిద్దడం నా వంతైంది.