నరసమ్మ పేరున్న రాగి సంచి

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న తప్పు తూకానికి ఒక పిడికెడు రాగులు. నవ్వకండి. నేనే చాలాసార్లు నవ్వి చూశాను, బరువు తగ్గలేదు. మీరు నాకు తెలియరు. అందుకే మీతో చెప్పడం కొంచెం సులభం.

అరవైల మొదట్లో మాట. వ్యవసాయ కాలేజీ నుంచి కొత్తగా బయటపడ్డాను. చిక్కబళ్ళాపురంలో ఆఫీసు. బాగేపల్లి దాకా, చింతామణి దాకా సైకిలు మీద తిరిగి పాత రాగి రకాలు సేకరించాలి. మా ఆఫీసే ఒక చేత్తో కొత్త విత్తనాలు పంచేది, ఇంకో చేత్తో పాతవి మాయం కాకుండా పోగుచేయమనేది. రేపు ఇంకో కొత్త రకం పుట్టించాలన్నా పాతవాటి గుణాలే కావాలి మరి.

మండికల్ దగ్గర ఒక పల్లెలో నరసమ్మ అని ఉండేది. భర్త పోయాక ఒంటరిగా సేద్యం. ఊరంతా కొత్త రకానికి మారినా ఆమె మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకొన్న రాగినే వేసేది. దాని కంకి విప్పిన చేతివేళ్ళలా ఉంటుంది, వాన ఆలస్యమైనా పండుతుంది. విత్తనాల కుండలోంచి పిడికెడు తీసి నా గుడ్డసంచిలో పోసింది. సంచి మీద తన పేరు రాయమంది. రాసినదాన్ని రెండుసార్లు చదివించుకొంది.

చింతామణి పక్కన మా ఇంటికి చేరి చూస్తే సంచి ఉంది, పేరు ఉంది. అడుగున కుట్టు విడిపోయి రాగులు లేవు.

వెనక్కు వెళితే ఒక రోజు పని. అడిగితే ఇంకో పిడికెడు ఇచ్చేది. ఎందుకు వెళ్ళలేదు? బద్ధకమని చాలాకాలం అనుకొన్నాను, బద్ధకమైతే ఒప్పుకోవడానికి బాగుంటుంది కూడా, కానీ నిజానికి అక్షరం రాని మనిషి ముందు నిలబడి, చదువుకొన్న నేను పారేశానని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. కుట్టు వేశాను. మా ఇంటి రాగులు పోసి ఆఫీసులో అప్పగించాను.

మరుసటి ఏడు వానలు పోయాయి. ఆమె ఉన్న విత్తనమంతా రెండుసార్లు విత్తింది, రెండుసార్లూ ఎండిపోయింది. పుట్టింటి ఊళ్ళోనూ ఆ రకం ఎవరి దగ్గరా మిగల్లేదట. నడిచి ఆఫీసుకు వచ్చింది, తన రాగి ఒక పిడికెడు తిరిగి ఇమ్మని.

అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఆమె పేరున్న సంచి విప్పి, అందులోంచి కొన్ని కొంగులో పోశాను. దండం పెట్టింది. నేనూ పెట్టాను.

పైరు కంకి వేశాక చూడ్డానికి వెళ్ళాను, రాగి నా మీద దయతో వేళ్ళు విప్పుతుందేమోనని. చేనంతా పిడికిళ్ళే.

"చూడప్పా," అంది నరసమ్మ ఒక కంకి వంచి. "నా రాగి ఇట్ల ఉండదు."

"ఎట్లుండాదమ్మా?" అన్నాను. అడగడానికి నాకు నోరొచ్చింది.

"మూసుకొనుండాది. మీ కచేరీలో ఏడాది కూర్చొనింది కదా! సర్కారోళ్ళ మాదిరి పిడికిలి బిగించడం నేర్చుకొనింది."

పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

"మళ్ళా ఇప్పుకొంటుందిలేప్పా. నువ్వు బద్రంగా పెట్టినావు కాబట్టి ఈ మాత్రమన్నా ఉండాది."

సాళ్ళ మధ్య అనపకాయలు కోసి మా అమ్మకిమ్మని ఇచ్చింది. అమ్మ వాటితో పులుసు పెట్టింది. తిన్నాను. రుచిగానే ఉంది.

ఆమెకు తెలుసా? తెలిసే నన్ను కాపాడిందని కొన్నేళ్ళు అనుకొన్నాను. అలా అనుకోవడం నాకు అనుకూలంగా ఉండేది. తర్వాత ఆ ఊరివాళ్ళు చెప్పగా విన్నాను. ఏటా కోతకు ముందు చేనంతా తిరిగి, కొంచెమైనా వేళ్ళు విడినట్టున్న కంకులు ఏరి, వాటినే విత్తనానికి దాచుకొనేదట. పోయేదాకా అలాగే చేసిందట. అంటే ఆమెకు తెలియదు, ఎదురుచూసిందన్నమాట.

ఆ సంచి ఆఫీసు విత్తనాల గదిలో ఇంకా ఉంది. కొన్నేళ్ళకొకసారి విత్తి, కొత్త గింజలు పోసి, ఆమె పేరు తిరిగి రాస్తున్నారు. కొత్త రకాల కోసం సంకరానికీ తీసుకొంటున్నారు. అందులో ఉన్నది మా ఇంటి రాగి. నరసమ్మది ఇక ఎక్కడా లేదు. నేను పోగొట్టాను. పోగొట్టానని ఆమెకు చెప్పలేదు.

మీకు చెప్పాను.