పదకొండు ఇళ్ల గంగాళం

నా పరువు ఎప్పుడు, ఎక్కడ పోయిందో నాకు బాగా గుర్తు. నిజామాబాద్‌లో, మండే మే నెలలో, మధ్యాహ్నం భోజనాలకు కాస్త ముందు, ఒక ఇత్తడి గంగాళం చేతిలో పోయింది. నా ఒక్కడి పరువైతే పోనీ అనుకోవచ్చు, మా గల్లీకంతా నీళ్లు రాకుండా చేయబోయాను. ఎలాగో వినండి.

అప్పుడే డిచ్‌పల్లి క్యాంపస్‌లో భూగోళశాస్త్రం చదివి బయటపడ్డాను. నదులన్నీ నన్ను అడిగే పారుతున్నట్టు నడిచేవాణ్ణి. నీళ్ల ఆఫీసులో కొన్నాళ్ల సర్వే పని దొరికింది. పట్టణంలో నీళ్ల అవసరం దేనివల్ల పెరుగుతోందో ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఎంతమంది ఉన్నారు, కూలర్ ఉందా, బర్రె ఉందా, నీళ్లు దేంట్లో నింపుకుంటారు, ఇవీ ప్రశ్నలు. ఉన్న ఒక్క కొత్త పైపులైన్ ఏ గల్లీకివ్వాలో ఆ కాగితాలు చూసే తేలుస్తారు. మా బీడీల గల్లీకి నాలుగు రోజులకోసారి నీళ్లొచ్చేవి. లైన్ మాకే రావాలని నాకు ఎంత ఆశో చెప్పలేను.

మా గల్లీలో సర్వేకు ముందురోజు మా అమ్మ బీడీలు చుడుతూ అడిగింది. మా ఇళ్లలో అమ్మను అవ్వ అంటాం.

"ఏం కొడుకా, ఎక్కువ రాస్తె నీళ్లు ఎక్కువిస్తరా, తక్కువ రాస్తెనా?"

"ఎక్కువ వాడెటోళ్లకే ఎక్కువ అవసరమున్నట్టు గదనే," అని పెద్ద పండితుడిలా సెలవిచ్చాను.

అవ్వ చేతిలో బీడీ పక్కన పెట్టి గల్లీలోకి వెళ్లింది. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా? రాలేదు.

మర్నాడు మొదటి ఇంట్లో లక్ష్మక్క వాకిట్లో మూత పెట్టిన పెద్ద ఇత్తడి గంగాళం! ఫోటో తీసి, 'గంగాళం ఒకటి, నిండుగా' అని రాసుకున్నాను. రెండో ఇంట్లోనూ గంగాళం. మూడో ఇంట్లోనూ. మా గల్లీ ఇంత కలిగిన గల్లీ అని నాకిన్నాళ్లూ తెలియనే లేదు. ఎనిమిదో ఇంట్లో సాయక్క చెమటలు కక్కుతూ గోడకు ఆనుకుని ఉంది.

"ఏందక్క, గట్ల రొప్పుతున్నవ్?"

"ఎండ తమ్మీ, ఎండ! నువ్వు రాసుకో జల్ది. అవుతల తొమ్మిదో ఇంటోళ్లు సూస్తున్నరు."

"దేనికోసం సూస్తున్నరు?"

"నీకోసమే తమ్మీ!"

నాకోసం గల్లీ గల్లీయే ఎదురుచూస్తోందని మురిసిపోయాను. చదువుకున్నవాడి కష్టాలు ఇలాగే ఉంటాయి.

మర్నాడు ఆఫీసులో ఇంజినీరు మేడం నా కాగితాలు తిప్పి కళ్లద్దాలు తీసేసింది.

"బోధన్‌ల మా బాపుకు చెరకు తోట ఉందయ్యా. అది కూడా ఇన్ని నీళ్లు తాగదు. ఇంత నిల్వ ఉన్నోళ్లకు కొత్త లైన్ ఎందుకు? వేరే గల్లీకి ఇద్దాం."

"అయ్యో మేడం, మాకు చుక్క నీళ్లు లేవు!"

"మరి ఈ గంగాళాలు?"

ఆమె నా ఫోనులో ఫోటోను వేళ్లతో సాగదీసింది. ఇంకోటి సాగదీసింది. "రాజవ్వ ఎవరు? పదకొండు గంగాళాల మీదా ఒకటే పేరు చెక్కి ఉంది."

అది అవ్వ పెళ్లినాడు మా అమ్మమ్మ ఆమె పేరు చెక్కించి ఇచ్చిన గంగాళం. పుట్టిననాటి నుంచి నేను స్నానం చేసిన నీళ్లు అందులోవే.

"మా అవ్వ, మేడం."

మేడం బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం తనే గల్లీకి వచ్చింది. అవ్వ తల దించకుండా మేడంతో అంది.

"తప్పు నాదే బిడ్డా. ఖాళీ గంగాళం పెరటి గోడలమీదికెల్లి ఇల్లిల్లు తిప్పినం. ఏం జేస్తం? మళ్ల ఎన్నడొస్తయో అని నీళ్లొచ్చిననాడు గిన్నె గిన్నె నింపుతం. మళ్లొచ్చిననాడు పాతయి పారబోసి కొత్తయి పడ్తం. రోజు వస్తె ఇంటికి నాలుగు బిందెలు సాలు."

మేడం నా ఫారం వెనక్కి తిప్పి, 'నీళ్ల అవసరం పెరగడానికి కారణం: రేపు రావేమోనన్న భయం' అని రాసింది. నేనడిగిన ప్రశ్నలన్నిటిలో అది లేదు. మా అవ్వ ముందు నా చదువు ఎంత చిన్నదో అప్పుడు తెలిసి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

వానాకాలం మొదలయ్యేలోపు లైన్ మాకే వచ్చింది. రోజూ పొద్దున కాసేపు నీళ్లు. పారబోత ఆగింది. మొదటిరోజు నల్లాకు పసుపు బొట్టు పెట్టి, "తొలి నీళ్లు పట్టడానికి గంగాళం తీసుకురండమ్మా," అంది మేడం, నవ్వాపుకుంటూ. "ఫారంలో పదకొండున్నయి."

ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అవ్వ తన గంగాళం ఎత్తుకుని ముందుకొచ్చింది.

"పదకొండు యాడికెల్లి తెస్తం మేడం? మోసెటోళ్లు అలిసిపోయిండ్రు."

ఆ గంగాళం మీద చెయ్యి వేసి, గల్లీ అంతా వినేలా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో మూత తీయకుండా, మీద పేరు చదవకుండా ఏ గిన్నెనూ లెక్కపెట్టను. మరీ ముఖ్యంగా, మా అవ్వ బీడీ పక్కన పెట్టి లేచిందంటే, వెంటనే వెనకాలే వెళతాను.