తమ్ముడి సీసా

జగ్గయ్యపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఒక సీసాని నిలబెట్టి పట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా పసిపిల్లని ఎత్తినట్టు పైకెత్తేది.

"ఏంటమ్మా అది?" అనడిగాను.

"బీరండి. మా తమ్ముడు సొంతంగా చేసేవాడు. పులిసిన వాసన మా మరదలికి పడదని మా వంటింట్లో పెట్టేవాడు. నేనూ తిట్టేదాన్నే. ఇది ఆఖరిది, రుచి చూడకుండానే పోయాడు. ఇవాళ నందిగామలో పెద్దకర్మ, వాడి ముందు పెట్టాలి. అడుగున మడ్డి కదిలితే ముట్టేవాడు కాదండి."

ఊరి ముందు బస్సు ఎగిరిపడింది. సీసా అంతా కలకబారిపోయింది. ఆవిడ ముఖం చూడలేక, "కాసేపు కదపకపోతే తేటపడుతుందిలేమ్మా" అన్నాను.

నందిగామలో ఇద్దరం దిగాక వెనక్కి చూశాను. బస్టాండు బల్ల మీద సీసా పెట్టి, ముట్టుకోకుండా పక్కనే కూర్చుంది. ఆవిడ ఫోను మోగింది.

"వస్తున్నానమ్మాయ్, వాడికి ఇంకా తేటపడలేదు" అంటోంది.