బేస్‌మెంట్‌కి కొన్న రేడియో

2008 వసంతంలో నేను ఇల్లినాయ్‌లోని అరోరాలో ఒక ఆసుపత్రికి సేఫ్టీ ఇంజినీరుని. ఆ ఏడాది నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. పాత భవనం బేస్‌మెంట్‌లో ఉన్న డయాలిసిస్ విభాగానికి ఒక ఎమర్జెన్సీ రేడియో ఎంపిక చేయాలి. ఆ భవనానికి జెనరేటర్ లేదు, సెల్‌ఫోన్ సిగ్నల్ అంత కిందికి దిగదు. టోర్నడో వచ్చి కరెంటు పోతే, బయట ఏం జరుగుతోందో చెప్పే దిక్కు ఆ రేడియో ఒక్కటే.

ఇంత చిన్న వస్తువుకీ ఒక కమిటీ! పెద్ద ఆసుపత్రులకు అదొక జబ్బు. దానికి అధ్యక్షుడు మా ఫెసిలిటీస్ డైరెక్టర్ గ్యారీ. ఆయనకు ఒక ఎర్ర రేడియో తెగ నచ్చేసింది. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే చాలు, అదే చార్జ్ అవుతుంది, బ్యాటరీల బెడద లేదు. మీటింగ్ గదిలో కిటికీ పక్కన పెట్టి తిప్పితే వాతావరణ శాఖ ప్రసారం స్పష్టంగా వినిపించింది. కిటికీ పక్కన ఏ రేడియో అయినా పలుకుతుంది, కిందికి తీసుకెళ్లి చూద్దామని నేను పట్టుబట్టాను.

కింద ఆ విభాగానికి పెద్ద డాక్టర్ సుగుణ గారు. గుంటూరు మనిషి, మొహమాటం ఎరగరు. అక్కడ ఎర్ర రేడియో గరగరమంది తప్ప పలకలేదు. ఆవిడ దాని హ్యాండిల్ రెండుసార్లు తిప్పి చూసి, నా వైపు తిరిగి తెలుగులో అందుకున్నారు.

“బాగానే ఉందండీ మూర్తి గారూ, ఆటబొమ్మలా! కరెంటు పోతే మా మెషీన్లు ఆగిపోతాయి. పేషెంట్ బ్లడ్ ట్యూబుల్లోనే ఉండిపోతుంది. నర్సులు మెషీన్ హ్యాండిల్ చేత్తో తిప్పి దాన్ని రిటర్న్ చేయాలి. మరి మీ రేడియో హ్యాండిల్ ఎవరు తిప్పుతారు? మీ గ్యారీ వచ్చి తిప్పుతాడా?”

చివరి ముక్క మింగేసి, మిగతాది పక్కనే ఉన్న గ్యారీకి ఇంగ్లిషులో చెప్పాను.

ఆఖరికి నల్లటి డబ్బాలాంటి రేడియో తీసుకున్నాం. మామూలు బ్యాటరీలు, బయటి యాంటెన్నా తగిలించే సాకెట్, హెచ్చరిక రాగానే దానంతటదే మోగే ఏర్పాటు. యాంటెన్నా తీగను గోడ వెంట పైదాకా లాగించాను. గ్యారీ మూతి ముడుచుకునే సంతకం పెట్టాడు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. నేను ఇంటి దగ్గరున్నాను. జరిగింది మర్నాడు సుగుణ గారు చెప్పారు. ఆవిడతో సహా అందరూ మెషీన్ల దగ్గర హ్యాండిళ్లు తిప్పుతున్నారట. అప్పటికే డయాలిసిస్ ముగిసిన ఫ్రాంక్ అనే పెద్దాయన, ఎవరు వద్దన్నా వినకుండా, కారు తాళాలు పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. వెళ్లి ఆపడానికి ఒక్కరికీ వీల్లేదు. అంతలో రేడియో మోగింది. టోర్నడో ఇటే వస్తోంది, ఉన్నచోటే ఉండండి అంది. ఆయన దాన్ని నాలుగు తిట్లు తిట్టి, వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

ఆ మాట విని పార్కింగ్‌లోకి వెళ్లాను. ఫ్రాంక్ కారు పైకప్పు చీల్చుకుని ఒక చెట్టు కొమ్మ డ్రైవర్ సీట్లోకి దిగి ఉంది. గ్యారీ కూడా వచ్చి చూశాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, అత్యవసరం కోసం ఏ పరికరం కొనాలన్నా ధర కంటే ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఆ సమయానికి ఎవరి చేతులు ఖాళీగా ఉంటాయి?