వెనక జిప్పు

మా ఆవిడ పోయిందని చెప్పగానే చాలామంది మొదట అడిగిన మాట, "నీళ్ళలోనా?"

కాదు. ఆమె సముద్రంలో డైవింగ్ చేస్తుందని తెలిసినవాళ్ళకు ఆ అనుమానం రావడం సహజమే. ఆమె పోయింది ఆఫీసులో, తన కుర్చీలో, మధ్యాహ్నం భోజనానికి ఇంకా ఎవరూ లేవకముందు. మెదడులో రక్తనాళం చిట్లింది. శాలువా కప్పుకునే ఉంది. కునుకు తీస్తోందేమోనని పక్క సీటు అమ్మాయి కాసేపు లేపలేదట. ఆ అమ్మాయి ఫోన్‌లో నాకు ఆ సంగతే మళ్ళీ మళ్ళీ చెప్పి ఏడ్చింది. లేపినా లాభం ఉండేది కాదని డాక్టర్ అన్నాడు. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పాను.

మిత్రుల్లో కొందరికి ఇంకా తెలియదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. రాయడానికి కూర్చుంటే ఆమె ఒక సూట్ కొనుక్కున్న సంగతే ముందుకొచ్చింది. అదే రాస్తాను.

మా ఆవిడకి చలి పడేది కాదు. సింగపూర్‌లో మేముండే టాంపినీస్‌లో ఏసీ ట్రైన్ ఎక్కగానే సంచిలోంచి శాలువా తీసేది. ఆఫీసులో ఇంకొకటి ఉండేది. సినిమా హాలుకి సాక్సులు. హాకర్ సెంటర్లో, అంటే వరసగా తిండి కొట్లుండే చోట, అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ ఆపుకుంటారు, ఈమె శాలువా పెట్టేది. ఎవరైనా పట్టుకుపోతారంటే, "ఈ ఊర్లో సలి నాకొక్కదానికే ప్పా. ఎవురు ఎత్తకపోతారు?" అనేది.

ఆమెది కడప జిల్లా. ఈత నేర్చుకున్నది వాళ్ళ చీనీ తోట, అంటే బత్తాయి తోట, బావిలో. నేను ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగిన గుమాస్తా కొడుకుని, నాకు ఈత రాదు. ఆ బావి గురించి ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. "పైన నీళ్ళు వెచ్చగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ సల్లగా అయితాయి. అడుగు ముట్టుకోని, పిడికిట్లో మట్టి పట్టుకోని పైకి రావల్ల. ఎండాకాలం ఆ అడుగున సల్లదనం ఉంటాది చూడూ..." అని ఆగిపోయేది. ఆ వాక్యం ఎప్పుడూ పూర్తి చేయలేదు.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక మా ఆవిడ డైవింగ్ నేర్చుకుంది. శని ఆదివారాలు గ్రూపుతో మలేషియా దీవులకి పోయేది. నేను ఇంట్లో సోఫాలో ఉండేవాణ్ణి. ఆదివారం సాయంత్రం తల నిండా ఉప్పుతో తిరిగొచ్చేది. ఎలా ఉందంటే ఒకటే జవాబు. "వెచ్చగా. బకెట్లో వేడివీ సల్లవీ తొలిపి పెట్టిన నీళ్ళ మాదిరి."

ఒకరోజు భోజనాల దగ్గర, "నాకు సల్లనీళ్ళలో దిగాలని ఉంది," అంది.

మా అమ్మాయికి పొలమారింది. "అమ్మా, యూ? ఎంఆర్‌టీ ట్రైన్‌లోనే షివర్ అవుతావ్!"

"గాలి సలి వేరు, నీళ్ళ సలి వేరు. నీకు తెల్దులే, తిను."

భూమధ్యరేఖ పక్కనున్న ఊరు ఇది. ఇక్కడ చల్లని సముద్రం లేదు. అయినా డ్రై సూట్ అమ్మే కొట్టు ఒకటుంది, ఒక ఫ్యాక్టరీ బిల్డింగ్ పై అంతస్తులో. మామూలు డైవింగ్ సూట్‌లోకి నీళ్ళు వస్తాయి, వెచ్చని సముద్రంలో పరవాలేదు. డ్రై సూట్‌లోకి చుక్క రాకూడదు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర పల్చటి రబ్బరు పట్టీలు ఒంటిని పట్టుకుని ఉంటాయి. లోపల ఉన్ని బట్టలు, పైన ఇది. మంచులాంటి నీళ్ళలో దిగి పొడిగా పైకి రావాలి.

కొట్టతను పెద్ద వయసు చైనీస్ మనిషి. అందరికీ అంకులే.

"సింగపూర్‌లో డ్రై సూట్ ఆ? ఫర్ వాట్, లేడీ?"

"ఫర్ కోల్డ్ వాటర్, అంకుల్."

"మై షాప్ ఆల్సో యూ వేర్ షాల్. యూ వాంట్ కోల్డ్ వాటర్?"

నేను నవ్వాను. ఆమె నా వైపు తిరిగి చూడలేదు.

మొదట మందపాటి నురగ రబ్బరుది తొడిగించాడు. అది తనంతట తనే వెచ్చగా ఉంటుందట. కానీ బరువు. అద్దంలో చూసుకుని, "చేపలు నవ్వుతాయి," అని విప్పేసింది. రెండోది పల్చటి గుడ్డ, మూడు పొరలు అతికించినది. పట్టుకుంటే గొడుగు గుడ్డలా ఉంది. దానికి సొంత వెచ్చదనం లేదు. లోపల ఎంత వేసుకుంటే అంత. ఆమె సంచి నిండా ఉన్ని బట్టలు తెచ్చుకుంది. అవన్నీ వేసుకుని, పైన ఇది తొడుక్కుని చేతులు కట్టుకుంది, గొంతుక్కూర్చుంది, చెయ్యి వెనక్కి పెట్టి వీపు మీద ఉండబోయే గాలి సిలిండర్ మీట అందుతుందో లేదో చూసుకుంది. ముఖమంతా చెమట. ఏసీ గదిలో ఆమెకి చెమట పట్టడం నేను చూసింది అప్పుడే.

"ఇదే," అంది. "ఇది మనకి వెచ్చదనం ఇయ్యదు. మన వెచ్చదనం పోకుండా చూస్తాది, అంతే. అది సాలు."

జిప్ దగ్గర ఆలస్యమైంది. కొన్ని సూట్లకి ముందు వైపు ఏటవాలుగా ఉంటుంది. కొన్నిటికి వీపు మీద, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, ఇత్తడి పళ్ళతో.

"టేక్ ఫ్రంట్ జిప్ లా," అన్నాడు అంకుల్. "యూ కెన్ డూ యువర్‌సెల్ఫ్. బ్యాక్ జిప్ మస్ట్ హావ్ పీపుల్ హెల్ప్."

"పీపుల్ దేర్, అంకుల్," అని బొటనవేలితో వెనకనున్న నన్ను చూపించింది.

ట్రైన్‌లో అడిగాను. "నాకు ఈత రాదు. నేనెక్కడికి వస్తాను?"

"నిన్ను ఎవురు దిగమన్నారు? గట్టున ఉండు. జిప్పు ఎయ్యి. వచ్చినాక జిప్పు తియ్యి."

"ముందు జిప్ తీసుకుంటే ఆ బాధే లేదు కదా."

"బాధ లేదు. నువ్వు సోఫాలో ఉంటావు, నేను నీళ్ళల్లో ఉంటా. ఇన్నేండ్లూ అదే కదా. సాలు సామీ."

బెడోక్ స్టేషన్ దాటేసరికి చెమట ఆరి ఆమెకి మళ్ళీ చలేసింది. శాలువా తీసి కప్పుకుని, ఒక కొస నా ఒడిలో పడేసింది.

సూట్ వచ్చాక ఇంట్లో అలవాటు చేసుకున్నాం, పడకగదిలో ఏసీ పూర్తిగా పెంచి. మణికట్టు పట్టీ బిగుతుగా ఉండి చెయ్యి దూరలేదు. గాజులకి రాసినట్టు కొబ్బరినూనె రాసుకుని జారించింది. సులువుగా దిగిందని మురిసిపోయింది. కొన్ని వారాలకి ఆ పట్టీ బంకబంకగా అయిపోయింది. కొట్టుకి పట్టుకెళ్తే అంకుల్ వేలితో తాకి వాసన చూశాడు.

"యూ పుట్ వాట్? ఆయిల్ ఆ? ఫర్ కుకింగ్ వన్?"

"ఫర్ బ్యాంగిల్స్ వన్, అంకుల్."

ఆయన నవ్వి నవ్వి కుర్చీలో కూర్చున్నాడు. రబ్బరుకి నూనె పడదు. కొత్త పట్టీలు వేసి, ఇక మీదట వాసన లేని పౌడర్ మాత్రమే అని చెప్పి పంపాడు. డైవింగ్ ఉందంటే ఆ వారం తలకి నూనె కూడా బంద్. అది మాత్రం ఆమెకి కష్టంగానే ఉండేది.

నా పని జిప్. అది చివరిదాకా రావాలి. చివర గోరంత తెరిచి ఉన్నా నీళ్ళు లోపలికి వస్తాయి, ఆ చలిలో అది ప్రమాదం. లాగి, చివర వేలు పెట్టి తడిమి చూడాలి.

"మూసినావా?"

"మూశాను."

"మల్లా చూడు."

ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్ళైన నాటి నుంచీ గ్యాస్‌కీ, తలుపు గడియకీ, పాస్‌పోర్టులకీ అదే మాట. చూశానన్నా సరే, మల్లా చూడు. విసుక్కునేవాణ్ణి. జిప్ విషయంలో ఎప్పుడూ విసుక్కోలేదు.

ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మానియా దీవికి వెళ్ళాం. జూన్, అక్కడ చలికాలం. గులకరాళ్ళ ఒడ్డు, గాలి కోస్తోంది. గ్రూపువాళ్ళు తయారవుతున్నారు. ఆమె ఉన్ని బట్టల మీద సూట్ తొడుక్కుని నాకు వీపు తిప్పి నిలబడింది. జిప్ వేశాను. మళ్ళీ చూశాను. తర్వాత ఆమె మోకాళ్ళు కావిలించుకుని కూర్చుంది. మెడ దగ్గర పట్టీ కింద వేలు పెట్టి కొంచెం ఎత్తితే లోపలి గాలంతా బుస్సుమని పోయి సూట్ ఒంటికి అతుక్కుంది. "పాలు తాగిన బిడ్డకి తేన్పు తెప్పించినట్టుంది ప్పా," అంది. మా అమ్మాయి పసిదానిగా ఉన్నప్పుడు ఆ పని కూడా నాదే.

ఆమె నీళ్ళలోకి నడిచి వెళ్ళింది. తల మునిగింది. బుడగలు కొంత దూరం కనిపించాయి, తర్వాత కనిపించలేదు. నేను ఆమె శాలువా కప్పుకుని, మిరియాల చారు ఫ్లాస్క్ పట్టుకుని ఆ రాళ్ళ మీద నిలబడ్డాను. అన్నేళ్ళలో ఆమె ఎన్నిసార్లు నీళ్ళలోకి దిగిందో నాకు తెలుసు. పైన నిలబడి ఎదురుచూడడం అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

వచ్చింది. పెదాలు నీలం, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ముఖమంతా నవ్వు.

"ఎట్లుంది?" అని ఆమె యాసలోనే అడిగాను.

"అడుగు ముట్టుకున్నా," అంది.

ఇంకేం చెప్పలేదు. వెనక్కి తిరిగి నిలబడింది. సూట్ నుంచి నీళ్ళు రాళ్ళ మీదికి కారుతున్నాయి. నా చేతులు తుడుచుకుని జిప్ తీశాను. లోపలి నుంచి వెచ్చటి గాలి నా ముఖానికి తగిలింది, ఉన్ని, పౌడర్, ఆమె చెమట కలిసిన వాసన. చెయ్యి పెట్టి చూశాను. వీపు పొడిగా ఉంది. అవసరం లేకపోయినా చెయ్యి కాసేపు అక్కడే ఉంచాను. ఆమె కూడా కదల్లేదు.

మళ్ళీ వెళ్దామనుకున్నాం. ఈలోగానే ఆమె వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఇనప తలుపున్న స్టోర్ రూమ్‌లో సూట్ వేలాడుతూ ఉండేది, తలకిందులుగా, బూట్లు పైకి, జిప్ తెరిచి. అలాగే ఉంచాలి. కార్యక్రమాలన్నీ అయ్యాక నేను దాని పట్టీలకి పౌడర్ రాయడం, జిప్ పళ్ళకి మైనం రుద్దడం మానలేదు. ఆదివారం సాయంత్రం ఆ పని చేసేవాణ్ణి. తలుపు తీస్తే ఇంకా కొంచెం ఆ వాసన ఉండేది. ఉండేదనుకునేవాణ్ణేమో.

ఒకరోజు మెడ పట్టీ పట్టుకుంటే కొంచెం జిగటగా తగిలింది. నూనె లేదు ఏమీ లేదు. వాడకుండా ఈ వేడిలో, ఈ ఉక్కలో ఉంచితే రబ్బరు అలాగే అవుతుందని ఆమె చెప్పేది. ఉంచుకుంటే పాడైపోతుంది. ఇచ్చేస్తే ఉండదు.

మా అమ్మాయి చాలా రోజులు చూసింది. చివరికి అంది. "నాన్నా, ఇట్స్ స్పాయిలింగ్. అమ్మ వుడ్ స్కోల్డ్ యూ లా."

నిజమే, తిట్టేది.

డైవింగ్ గ్రూపులో వరంగల్ అమ్మాయి ఒకామె ఉంది. ఇక్కడి యూనివర్సిటీలో సముద్రపు నాచు మీద పరిశోధన చేస్తోంది, ఆ పని మీదే నార్వే వెళ్తోంది. ఇంచుమించు మా ఆవిడ ఎత్తే. ఆ అమ్మాయి సూట్ కావాలని అడగలేదు. మా అమ్మాయే ఆమెని పిలిచింది.

వచ్చి, సోఫా అంచున కూర్చుంది. "మాస్క్‌లకు వచ్చిన నీళ్ళు ఎట్ల తీయాల్నో నాకు ఆంటీనే నేర్పిండ్రు అంకుల్," అంది. "నేను భయపడితే నవ్వలేదు. మల్లా చెయ్యి, మల్లా చెయ్యి అనేటోళ్ళు."

సూట్ తెచ్చి ఇచ్చాను. లోపలి గదిలో తొడుక్కుని హాల్లోకి వచ్చింది. చేతులు కట్టుకుంది, గొంతుక్కూర్చుంది, చెయ్యి వెనక్కి పెట్టి చూసుకుంది. సరిపోయింది. సరిపోకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను.

"అంకుల్, జిప్ వేస్తారా?" అని నాకు వీపు తిప్పి నిలబడింది.

వస్తుందని తెలిసిన క్షణమే. చేతులు తుడుచుకున్నాను. మా అమ్మాయి నా వైపు చూసి వంటింట్లోకి వెళ్ళింది. నేను జిప్ పట్టుకుని ఆ భుజం దాకా లాగాను. చివర వేలు పెట్టి చూశాను.

"అయిందా అంకుల్?"

"అయింది. అక్కడ నీకు ఇది వేసే మనిషి ఉండాలి. వాళ్ళు అయిందంటే నమ్మొద్దు. మల్లా చూడు అను."

"సరే అంకుల్. మల్లా చూడు అంట."

"ఆ. అలాగే."

సంచిలో పెట్టి లిఫ్ట్ దాకా నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. మెడ పట్టీ మార్పించుకోమన్నాను. కొబ్బరినూనె వద్దన్నాను. ఎందుకన్నానో ఆ అమ్మాయికి అర్థం కాలేదు, తలూపింది. తిరిగొచ్చి చూస్తే స్టోర్ రూమ్ నేల మీద, సూట్ చేతులు వేలాడిన చోట, రెండు తెల్లటి పౌడర్ మచ్చలున్నాయి.

మొన్న ఆ అమ్మాయి ఫొటో పంపింది. చుట్టూ మంచు కొండలు, నల్లటి నీళ్ళు, చెక్క వంతెన. సూట్ వేసుకుని, తలకి హుడ్ తగిలించుకుని, కెమెరాకి వీపు తిప్పి నిలబడింది. పక్కన ఎవరిదో చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఫొటో కింద, "మల్లా చూపిచ్చిన, అంకుల్," అని రాసింది.

హుడ్‌లోంచి జుట్టు కనపడదు, ముఖం కనపడదు. ఆ భుజాలు, ఆ సూట్, నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డ ఆ తీరు. ఎంతసేపు చూశానో తెలియదు. తర్వాత రెండు వేళ్ళతో ఫొటో పెద్దది చేసి, జిప్ చివర చూశాను.

మూసే ఉంది.