హాలియా బస్సులో అడిగే మాట

నిన్న హాలియాలో మెకానిక్ మా పాత స్కూటర్‌ను అటూ ఇటూ చూసి, తుక్కు కింద అమ్మెయ్యమని సలహా ఇచ్చాడు. మా ఇంటామె అతని వైపు చూసిన చూపుకు పాపం అతని చేతిలోని పానా జారి కాలి మీద పడింది. ఆ బండి ఏం చేసిందో అతనికేం తెలుసు?

ఎనిమిదేళ్ల కిందట, నెలలు నిండాక, మా బిడ్డ కడుపులోనే చనిపోయింది. దవాఖానలో నర్సు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఏ మాటనైనా పెంచి చెప్పడం నాకు అలవాటే గానీ, ఈ ఒక్కటీ పెంచను, తగ్గించను.

మా ఇంటామెకు హాలియాలో బట్టలు కుట్టే షాపుంది. మా ఊరి నుంచి ఏడు కిలోమీటర్లు. నాలుగు నెలలైనా దాని తాళం తియ్యలేదు. కుట్టలేక కాదు, బస్సెక్కలేక. మన బస్సుల్లో కండక్టరైనా టికెట్ అడగడం మరుస్తాడు గానీ, పక్క సీటు ఆడమనిషి పిల్లలెంతమందని అడగడం మరవదు. ఒకసారి ధైర్యం చేసి నాతో పాటు ఎక్కితే సగం దారిలోనే పదకొండు మంది అడిగారు. పదకొండుసార్లూ నేనే ఏదో జోకు వేసి మాట మళ్లించాను. ఆమె మధ్యలోనే దిగి, ఇంటిదాకా నడిచొచ్చి ఒక్కటే మాట చెప్పింది. "బస్సు నాతోని గాదు. స్కూటర్ నేర్పు."

నేర్పాను. సాగర్ కాలువ కట్ట మీద బర్రెలు దారిచ్చి, వరుసగా నిలబడి మమ్మల్ని చూసేవి. ఆమె మా గడ్డివామును మూడుసార్లు గుద్దింది. నాలుగోసారి వామే పక్కకు జరిగిందని నా నమ్మకం. నా మోకాలి చిప్ప ఆ పొలాల్లో ఎక్కడో ఇంకా దొరకాల్సి ఉంది.

షాపు తెరిచే రోజు ఆమె నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. కట్ట మీద ఒక ముసలవ్వ చెయ్యెత్తి ఆపింది. హాలియాకు పోవాలట, కాళ్లు గుంజుతున్నాయట. నేను దిగి అవ్వను ఎక్కించాను. బండి ఎంత వేగంగా కదిలిందంటే, పక్కన నడుస్తున్న నేను వాళ్ల కోసం రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఇంతలోనే అవ్వ అడగనే అడిగింది.

"పిల్లలెంతమంది బిడ్డా?"

బండి ఆగింది. జోకు వెతుక్కుంటూ నేను ముందుకు ఉరికాను. మా ఇంటామె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు జర ఆగు. అడిగింది నన్ను." అవ్వ వైపు తిరిగింది. "ఒక బిడ్డ, అవ్వా. కడుపులనే పోయింది."

ఆ తర్వాత బిడ్డ పేరు చెప్పింది. పేరు పెట్టుకుందన్న సంగతి నాకే అప్పుడు తెలిసింది.

అవ్వ అయ్యో అనలేదు. ఆ పేరును ఒకసారి తానూ మెల్లగా పలికింది. "నాకు నలుగురు బిడ్డా. ఉన్నది ఇద్దరే. ఎవరడిగినా నలుగురనే చెప్త."

"నేను గూడ గట్లనే చెప్త," అని మా ఇంటామె యాక్సిలరేటర్ మొత్తం తిప్పింది. బండి రాకెట్‌లా లేచింది. అవ్వ కొంగు జెండాలా ఎగిరింది. నోట్లో దుమ్ముతో, కళ్లల్లో నీళ్లతో, నవ్వుకుంటూ మిగతా దారంతా నేను నడిచాను. చేరేసరికి షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మిషన్ చప్పుడు రోడ్డు అవతలి దాకా వినిపిస్తోంది.

ఇప్పుడు మా ఇంటామె బస్సు కూడా ఎక్కుతుంది. అడిగినవాళ్లకు పేరుతో సహా చెబుతుంది. అది విన్నాక పక్క సీటామె గొంతు తగ్గించి, తన లెక్కకు ఇంకొకరిని కలిపి చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. మా బిడ్డ ఉంటే ఈ ఏడు మూడో తరగతి. కాలం ఆ పిల్లను మా దగ్గర ఉంచలేదు గానీ, ఏటా ఒక తరగతి పైకి పంపడం మాత్రం మానలేదు.