కమాను మీద బీయే

ఊరి కమాను మీద చతికిలబడి కూర్చుంటే, కింద గేదెలు తలెత్తి చూస్తుంటే ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు. చెబుతాను, నవ్వండి. కాస్త జాలి కూడా పడండి బాబూ.

ఇంగ్లీషు బీయే పాసైన పొగరుతో జవళగేరలో మా పిన్ని ఇంటికొచ్చాను. కోతలయ్యాయి, మబ్బేసింది. ఎండుగడ్డి తడిస్తే కుళ్లిపోతుంది. పిన్ని గేదెలకు ఏడాది తిండి అదే.

"వానలోపు రెండు ట్రిప్పులుగా తెచ్చెయ్ నాన్నా" అంది పిన్ని.

ఒక్క ట్రిప్పులోనే తెచ్చి శభాష్ అనిపించుకోవాలని నా ఆరాటం. పొలంలో ట్రాక్టరు ట్రాలీ ఎక్కాను. కిందవాళ్లు మోపులు విసురుతుంటే పైనున్నవాడు పరిచి తొక్కుతూ గడ్డితోపాటే పైకి లేస్తాడు. అదీ పద్ధతి. ఎంత లేచాడో వాడికి తెలీదు.

"సాలదా సారూ? ఓవర్‌లోడ్ అయితదేమో!" అని అరిచాడు డ్రైవరు నర్సప్ప.

"లోడ్ చెయ్యడం వేరు, ఓవర్‌లోడ్ చెయ్యడం వేరు నర్సప్పా! బండి మోసినంత ఎత్తితే లోడ్. మోయలేనంత ఎత్తితే ఓవర్‌లోడ్. నీ బండి మొయ్యదా?"

"ఏంది సారూ గట్లంటవ్? నా బండి గుట్టను గూడ గుంజుతది!"

"అయితే ఇది లోడే. వెయ్యండి!"

మోకులు బిగించేసరికి నాకు దిగే దారి లేదు. పైనే పడుకుని మహారాజులా బయల్దేరాను. నర్సప్ప పాటలు పెట్టాడు. ఊరి మొదట్లో స్వాగత కమాను కనిపించింది. లోడు దూర ఎత్తు లేదు, పైన బీయే ఒకటి!

"ఆపు నర్సప్పా!"

"ఇనవడ్తలేదు సారూ!"

కమానును కరుచుకుని పైకి పాకాను. కమానుకు ఒరుసుకుని మోకులు తెగి, గడ్డంతా నా కిందనుంచి జారి రోడ్డు మీద పడింది. ట్రాక్టరు హాయిగా వెళ్లిపోయింది. పిన్ని వాకిట్లో ఆగి, "అమ్మా, గడ్డి తెచ్చిన!" అన్నాడట నర్సప్ప.

"గడ్డేది? మావాడేడి?"

వెనక్కి తిరిగి చూసుకుని, "ఇప్పటిదాంక ఉండెనమ్మా!" అన్నాడట.

పిన్ని పరిగెత్తుకొచ్చింది. వెనకాలే గేదెలూ. చినుకులు మొదలయ్యాయి.

"దెబ్బలు తగిలాయేవిట్రా?"

"లేదు. గడ్డి పోయింది పిన్నీ" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

"పోలేదులే" అని కొంగు బిగించింది. కొట్లవాళ్లూ, దారినపోయేవాళ్లూ, నర్సప్పా తలో మోపు పక్కనున్న రైస్‌మిల్లు షెడ్డులోకి మోశారు. చాలావరకు దక్కింది. మిగిలిన కుప్ప మీద గేదెలు పడ్డాయి.

"ఒరేయ్, తొందరగా దూకు!" అని అరిచింది పిన్ని. "నీ పరుపు తినేస్తున్నాయి!"

దూకాను. నా లోడు సిద్ధాంతం నర్సప్ప అప్పటికే పిన్ని చెవిన వేసేశాడు. నా జుట్టులో గడ్డి ఏరుతూ, "ఇల్లు చేరితే లోడు నాన్నా. ఇప్పుడు నువ్వు చేసింది ఓవర్‌లోడు" అంది, నవ్వు ఆపుకోలేక.

అందుకే ఆ గేదెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: దిగే దారి చూసుకోకుండా ఈ జన్మలో దేన్నీ ఎక్కను. గడ్డిబండి అయినా సరే, పిన్ని పొగడ్త అయినా సరే.